తొలిసారి కుందేళ్ళు పెంచుతున్న ఇంటికి: తెచ్చే ముందు నుంచి అలవాటు పడేదాకా ఏం చేయాలి

కుందేలు పిల్లను ఇంటికి తెచ్చేశాక అందరూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. క్యారెట్లు రోజుకు ఎన్ని పెట్టాలి? ఎత్తుకోబోతే ఎందుకు గింజుకుంటోంది? నిన్నటి నుంచి ఏమీ తినలేదు, రేపటిదాకా చూడొచ్చా? మూడో ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను: చూడకూడదు, ఇప్పుడే డాక్టర్ దగ్గరికి బయల్దేరాలి. మిగతా రెండింటి జవాబులు కుందేలు గడప తొక్కకముందే తెలిసి ఉండాలి.

అడవిలో కుందేలును వేటాడి తినే జంతువులు చాలా ఉన్నాయి. అందుకే నొప్పి వచ్చినా, జబ్బు చేసినా అది పైకి కనబడనివ్వదు. మనమే రెండు చోట్ల చూసి కనిపెట్టాలి: గడ్డి ఎంత తగ్గింది, ట్రేలో పెంటికలు ఎలా ఉన్నాయి. ఈ రెండూ రోజూ చూసే ఇంట్లో కుందేలుకు వచ్చే చాలా జబ్బులు మొదట్లోనే దొరికిపోతాయి.

## 1. ముందు ఇంట్లో తేల్చుకోవలసినవి

బాగా చూసుకుంటే పెంపుడు కుందేలు 8 నుంచి 12 ఏళ్ళు బతుకుతుంది. ఇవాళ పదేళ్ళ పాప ముచ్చటపడి అడిగితే, ఆ కుందేలు ముసలిదయ్యే నాటికి పాప కాలేజీలో ఉంటుంది. అందుకని బాధ్యత పెద్దవాళ్ళలో ఒకరు తీసుకోవాలి. పిల్లలు సాయం చేస్తారు, అంతే.

ఒకటా, రెండా అన్నది తర్వాతి విషయం. కుందేళ్ళు తోడుతో బతికే జీవాలు. రోజంతా ఇల్లు ఖాళీగా ఉండేవాళ్ళయితే ఒక్కదాన్నే తేవడం సరికాదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడ, మగ జత అన్నిటికన్నా బాగా కలిసి ఉంటుంది. తొలిసారి పెంచేవాళ్ళకు నా సలహా: జంతు సంరక్షణ కేంద్రాల్లో అప్పటికే ఆపరేషన్ అయి, కలిసి బతుకుతున్న పెద్ద జత దొరుకుతుందేమో చూడండి. సగం తలనొప్పులు తప్పిపోతాయి, స్వభావం కూడా ముందే తెలుస్తుంది.

డాక్టర్‌ను కూడా ఇప్పుడే వెతికి పెట్టుకోండి. కుక్కల్ని, పిల్లుల్ని చూసే ప్రతి వెట్‌కూ కుందేళ్ళ అనుభవం ఉండదు. ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. కుందేళ్ళకు తరచుగా వైద్యం చేస్తారా? రాత్రిపూట ఎమర్జెన్సీ వస్తే ఎవరు చూస్తారు? ఆపరేషన్ ముందు కుందేలును ఖాళీ కడుపుతో ఉంచాలా? కుందేలు వాంతి చేసుకోలేదు, పైగా దాని పేగులు ఆగకూడదు. కాబట్టి రాత్రంతా పస్తు ఉంచమన్నారంటే ఇంకొకరిని వెతుక్కోవడం మంచిది.

ఇంట్లో ఎవరికైనా బొచ్చు, గడ్డి దుమ్ము పడవేమో కూడా చూసుకోవాలి. తెచ్చే ముందే కాసేపు కుందేళ్ళున్న చోట కూర్చుని వస్తే తెలిసిపోతుంది.

కుందేలును ఎంచుకునేటప్పుడు చూడవలసినవి

- వయసు కనీసం 8 వారాలు ఉండాలి. అంతకన్నా ముందే తల్లి నుంచి వేరుచేసిన పిల్లలకు విరేచనాల ముప్పు ఎక్కువ.
- కళ్ళు తేటగా, ముక్కు పొడిగా ఉండాలి. ముందు పాదాల లోపలి వైపు బొచ్చు జిగటగా అట్టకట్టి ఉంటే అది ముక్కు తుడుచుకుంటోందని అర్థం.
- చెవుల లోపల పొక్కులు, పొట్టు ఉండకూడదు.
- తోక కింద శుభ్రంగా ఉండాలి.
- పై ముందు పళ్ళు కింది పళ్ళకు కొంచెం ముందుగా, తిన్నగా ఉండాలి.
- ఆడా, మగా అని అమ్మేవాళ్ళు చెప్పిన మాట చాలాసార్లు తప్పుతుంది. వారంలోపు డాక్టర్‌కు చూపించి నిర్ధారించుకోండి.

## 2. చోటు సిద్ధం చేయడం

షాపుల్లో కుందేలు పంజరం పేరుతో అమ్మేవి చాలావరకు చిన్నవి. వాటిని పడక గదిలా వాడుకోవచ్చు, ఇల్లుగా మాత్రం సరిపోవు. జతకు దాదాపు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు చోటు ఉంటే పరుగెత్తగలవు, ఒళ్ళు సాచి పడుకోగలవు. వెనక కాళ్ళ మీద నిలబడితే చెవులు పైకప్పుకు తగలకూడదు. మడత పెట్టే ఇనుప కంచెను గది మూలన గుండ్రంగా నిలబెట్టడం అన్నిటికన్నా తేలిక.

అడుగున తీగల జాలీ వద్దు. కుందేలు పాదాలకు కుక్కలకు ఉన్నట్టు మెత్తని గుజ్జు ఉండదు, బొచ్చు మాత్రమే ఉంటుంది. జాలీ మీద ఉంటే మడమలు ఒరిసి పుండ్లు పడతాయి. నున్నటి టైల్స్ మీద కాళ్ళు జారుతాయి. జారని చాప గానీ, మందపాటి దుప్పటి గానీ పరవండి.

దాక్కునే చోటు తప్పనిసరి. రెండు వైపులా తలుపులు కోసిన అట్టపెట్టె చాలు. ఒకటి లోపలికి వస్తే ఇంకొకటి బయటికి పోయే దారి ఉండాలి కాబట్టి రెండు తలుపులు.

ఎండ దెబ్బ కుందేలును చాలా త్వరగా పడగొడుతుంది. దానికి చెమట పట్టదు, ఒంటి వేడిని ముఖ్యంగా చెవుల ద్వారానే వదులుకుంటుంది. గది వేడి 25 డిగ్రీలు దాటిందంటే జాగ్రత్త పడాలి, 30 దాటితే ప్రమాదమే. నేరుగా ఎండ పడని, గాలి ఆడే, టీవీ మోతకు దూరంగా ఉండే చోటు చూడండి.

తెచ్చే ముందు రోజు సరిచూసుకోండి

- నేల మీద, గోడ పక్కన ఉన్న కరెంటు వైర్లన్నీ పైకి కట్టారా? లేక గట్టి గొట్టాల్లో దూర్చారా? కుందేలు కంటికి ప్రతి వైరూ కొరకాల్సిన చెట్టు వేరు లాంటిదే.
- సోఫా వెనక, అల్మరా కింద దూరే సందులు మూశారా?
- కుండీలు అందనంత ఎత్తులో ఉన్నాయా? లిల్లీ, గన్నేరు లాంటివి విషం.
- గడ్డి, పెల్లెట్లు (కుందేళ్ళ కోసం అమ్మే గుళికల తిండి), బరువైన నీళ్ళ గిన్నె, లిట్టర్ ట్రే (మలమూత్రాలకు పెట్టే ట్రే), క్యారియర్ (కుందేలును తీసుకెళ్ళే పెట్టె) వచ్చేశాయా?
- కుక్క, పిల్లి ఉంటే వాటిని వేరే గదిలో ఉంచే ఏర్పాటు ఉందా?

## 3. తిండి: ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే

ఎండుగడ్డి. పెద్ద కుందేలు తిండిలో 80 శాతానికి పైగా ఇదే ఉండాలి. రోజుకు ఒక్కో కుందేలుకు దాని ఒంటి సైజు అంత కట్ట పెట్టండి. రాత్రయినా, పగలైనా గడ్డి అయిపోయిన గంట ఉండకూడదు. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్ళయితే వారానికి దాదాపు 2 మిల్లీమీటర్లు. పొడుగు గడ్డిని అటూ ఇటూ నూరుతూ నమిలితేనే దవడ పళ్ళు అరుగుతాయి. పేగులు కదులుతూ ఉండడానికీ ఆ పీచే కావాలి.

తిమోతి గడ్డి, ఆర్చర్డ్ గడ్డి, పచ్చికను కోసి ఎండబెట్టిన గడ్డి, ఏదైనా మంచిదే. చూడడానికి కాస్త ఆకుపచ్చగా, వాసన హాయిగా ఉండాలి. దుమ్ము లేస్తున్నా, బూజు వాసన వస్తున్నా పారేయండి. వరిగడ్డి లాంటి, గింజ రాల్చేశాక మిగిలే గడ్డిలో పోషణ తక్కువ. అది పరుపుగా వేయడానికి బాగుంటుంది, రోజూ తిండిగా సరిపోదు. అల్ఫాల్ఫా గడ్డి ఎదిగే పిల్లలకు మాత్రమే. 6 నెలలు దాటాక మెల్లగా మాన్పించాలి, అందులోని కాల్షియం పెద్దవాటికి మూత్రాశయంలో ఇసుకగా, రాయిగా మారే ప్రమాదం ఉంది.

పెల్లెట్లు. పెద్ద కుందేలుకు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు చాలు, అంతకు మించి వద్దు. 2 కిలోల కుందేలుకు 50 గ్రాములన్నమాట. అన్నీ ఒకే రంగు, ఒకే ఆకారంలో ఉన్నవి తీసుకోండి. గింజలు, రంగు ముక్కలు కలిపిన మిక్స్ ప్యాకెట్లు చూడడానికి బాగుంటాయి గానీ కుందేలు అందులో తీపివి ఏరుకుని తిని మిగతావి వదిలేస్తుంది.

ఆకుకూరలు. కొత్తిమీర, పుదీనా, తులసి, ముల్లంగి ఆకులు, క్యారెట్ ఆకులు, పొడుగాకుల లెట్యూస్ పెట్టొచ్చు. రోజూ ఐదారు రకాల్లోంచి మార్చి మార్చి, కడిగి ఇవ్వండి. పాలకూర అప్పుడప్పుడే. ఇంతవరకు ఆకులు తినని పిల్లకు 12 వారాలు దాటాక మొదలుపెట్టండి. ఒకసారికి ఒకే రకం, చిటికెడు. రెండు మూడు రోజులు పెంటికలు గట్టిగా ఉంటేనే తర్వాతి రకం.

క్యారెట్, పండ్లు. ఇవి మిఠాయి కింద లెక్క. క్యారెట్ పల్చటి చక్రం ఒకటి, లేదా గింజ తీసిన ఆపిల్ చిన్న ముక్క, అదీ వారానికి ఒకటి రెండుసార్లు.

ఎప్పుడూ పెట్టకూడనివి: ఉల్లి, వెల్లుల్లి, అవకాడో, బంగాళాదుంప, టమాటా మొక్క ఆకులు, చాక్లెట్, బిస్కెట్లు, రొట్టె, అన్నం, పాలు, పెరుగు.

నీళ్ళు. సీసా కన్నా బరువైన గిన్నె నయం, తల వంచి హాయిగా తాగుతాయి. రోజూ కడిగి మార్చండి.

### పెంటికలు చదవడం

ఆరోగ్యంగా ఉన్న కుందేలు పెంటిక శనగగింజంత ఉంటుంది. గుండ్రంగా, పొడిగా ఉంటుంది. వేళ్ళ మధ్య నలిపితే లోపల గడ్డి పీచు కనబడుతుంది. రోజుకు వందల్లో వేస్తుంది, కంగారు పడకండి.

ఇవి కాక ఇంకో రకం ఉంది. మెత్తగా, నల్లగా మెరుస్తూ, గుత్తిగా అతుక్కుని, వాసన వేస్తూ ఉంటాయి. కుందేలు వాటిని నేరుగా మలద్వారం దగ్గరే నోటితో అందుకుని తినేస్తుంది. అసహ్యపడి ఆపకండి. మొదటిసారి జీర్ణం కాని పోషకాలు, విటమిన్లు దానికి అలాగే అందుతాయి. ఆ మెత్తటివి తినకుండా నేల మీద వదిలేస్తోందంటే తిండి ఎక్కువ బలంగా ఉందన్నమాట. పెల్లెట్లు తగ్గించి గడ్డి పెంచండి. పెంటికలు వెంట్రుకతో దండలా కలిసి వస్తే బొచ్చు ఎక్కువ మింగుతోంది, రోజూ దువ్వాలి. చిన్నవై, గట్టిపడి, లెక్కలో తగ్గిపోతే అదే హెచ్చరిక.

## 4. మొదటి వారం

మొదటి రోజు. క్యారియర్‌ను కంచె లోపల పెట్టి తలుపు తీసి పక్కకు తప్పుకోండి. అదే బయటికి వస్తుంది. చుట్టాలు, స్నేహితులు చూడడానికి వస్తామంటే వచ్చే వారం రమ్మనండి. ఇంతకుముందున్న చోట ఏ తిండి తినేదో అదే పెట్టండి. మార్చాలనుకుంటే 7 నుంచి 10 రోజుల్లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి.

రెండు, మూడు రోజులు. కంచె లోపల నేల మీద కూర్చోండి. పుస్తకం చదువుకోండి, దాని వైపు చూడకండి. చెయ్యి చాచకండి. కాసేపటికి మెడ సాచి, వెనక కాళ్ళు ఉన్నచోటే ఉంచి, మీ పాదం వాసన చూస్తుంది. మీరు కాస్త కదిలితే పెట్టెలోకి పరుగు. మళ్ళీ వస్తుంది, ఈసారి మోకాలి దాకా. బట్ట అంచు పట్టి లాగుతుంది, గడ్డంతో మీ కాలిని రుద్దుతుంది. గడ్డం కింద ఉండే గ్రంథుల వాసనను అలా పూసి, ఇది నాదే అని గుర్తు పెట్టుకుంటోంది.

నాలుగో రోజు నుంచి. అరచేతిలో కొత్తిమీర రెమ్మ పెట్టుకుని కూర్చోండి. తిన్నాక నుదుటి మీద రెండు వేళ్ళతో నిమరండి. చెయ్యి ముక్కుకు ఎదురుగా తేవద్దు. కుందేలుకు చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది గానీ సరిగ్గా ముక్కు ముందున్నది కనబడదు. చెంప పక్కనుంచి తెస్తే బెదరదు.

ఇంట్లో అందరూ నేర్చుకోవలసిన సైగలు కొన్నే. వెనక కాలితో నేలను దబ్బున కొడితే భయపడింది. గాల్లోకి ఎగిరి ఒళ్ళు మెలి తిప్పితే సంతోషం. నిమురుతుంటే పళ్ళు సన్నగా టకటకలాడిస్తే హాయిగా ఉంది. ముడుచుకుని కూర్చుని పళ్ళు గట్టిగా కొరుకుతుంటే మాత్రం అది నొప్పి.

## 5. ఎత్తుకోవడం, పిల్లలతో జాగ్రత్తలు

కుందేలు వెన్నెముక సున్నితం, వెనక కాళ్ళ బలం ఎక్కువ. వెనక భాగానికి ఆసరా లేకుండా ఎత్తితే అది తన్నిన ఒక్క తన్నుకే దాని నడుము విరగొచ్చు. చెవులు పట్టుకుని ఎత్తడం క్రూరత్వం, ఎవరు చేస్తున్నా ఆపండి.

1. మీరే నేల మీద కూర్చోండి.
2. ఒక అరచెయ్యి ముందు కాళ్ళ వెనకగా ఛాతీ కిందికి పోనివ్వండి.
3. రెండో చేతితో పిరుదుల కింద పూర్తిగా పట్టండి, వెనక కాళ్ళు లోపలికి మడిచి ఉండాలి.
4. నాలుగు కాళ్ళూ మీ ఒంటికి ఆనేలా దగ్గరికి తీసుకోండి.
5. దించేటప్పుడు వెనక భాగం ముందుగా నేలకు తగలాలి. మధ్యలో దూకనివ్వకండి.

వెల్లకిలా తిప్పితే కదలకుండా ఉండిపోతుంది. అది నిద్రనుకుని చాలామంది మురిసిపోతారు. నిజానికి చచ్చినట్టు నటించే భయం అది, సరదాకు చేయకండి.

చిన్నపిల్లలకు ఒకటే నియమం పెట్టండి: కుందేలు దగ్గరికి వచ్చినప్పుడు నిమరొచ్చు, దాని వెంట పడకూడదు. పిల్లలు ఎత్తుకోనక్కర్లేదు. గడ్డి వేయడం, నీళ్ళు మార్చడం, పెంటికలు చూసి చెప్పడం వాళ్ళకిస్తే గర్వంగా చేస్తారు.

## 6. లిట్టర్ ట్రే నేర్పడం

కుందేలు తింటూనే పెంటికలు వేస్తుంది. ఈ అలవాటే మీకు సగం పని చేసిపెడుతుంది. కుందేలు కూర్చుని తిరగగలిగేంత పెద్ద ట్రే తీసుకోండి. అడుగున కాగితంతో చేసిన లిట్టర్ పల్చగా వేసి, పైన గడ్డి పరిచి, ఒక చివర తాజా గడ్డి కుప్ప పెట్టండి. దాన్ని కుందేలు తనకు తానుగా ఎంచుకున్న మూలలోనే ఉంచండి. బయట పడిన పెంటికల్ని ఏరి ట్రేలో వేయండి, మూత్రం తుడిచిన కాగితాన్నీ అందులోనే పెట్టండి.

తడిస్తే గడ్డకట్టే పిల్లుల లిట్టర్ వాడకండి, మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది. పైన్, సెడార్ చెక్క పొట్టు కూడా వద్దు. మూత్రం ఒక్కోసారి నారింజ, ఎర్ర రంగులో ఉంటే హడలిపోకండి, ఆకుల్లోని రంగులవల్ల అలా వస్తుంది. బొట్లుబొట్లుగా వస్తున్నా, ముక్కుతున్నా మాత్రం డాక్టర్‌కు చూపించాలి.

## 7. ఆపరేషన్, జత కలపడం

కుందేళ్ళు మూడున్నర, నాలుగు నెలలకే ఎదకు వస్తాయి, గర్భం 30 నుంచి 32 రోజులు. ఈనిన రోజే ఆడది మళ్ళీ గర్భం దాల్చగలదు. అన్నాచెల్లెళ్ళని ఊరుకుంటే అవీ కలుస్తాయి. 10 వారాలకే వేరు చేయండి.

మగవాటికి 4 నెలల తర్వాత, ఆడవాటికి 5, 6 నెలలకు ఆపరేషన్ చేయిస్తారు. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్ళలో వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ. పిల్లలు వద్దనుకోవడం కన్నా ఇదే పెద్ద కారణం. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా 6 వారాల దాకా ఆపరేషన్ కాని ఆడదానికి దూరంగా ఉంచాలి.

కలిపేటప్పుడు తొందర వద్దు. ముందు పక్కపక్క కంచెల్లో ఉంచి, దుప్పట్లు, ట్రేలు అటుదిటు మార్చండి. రెండూ పక్కపక్కనే ఒళ్ళు వాల్చి పడుకోవడం మొదలయ్యాక, ఇద్దరిలో ఎవరూ ఎన్నడూ వెళ్ళని చోట పది నిమిషాలు వదలండి. ఒకటి ఇంకోదాని మీదికెక్కడం, కాస్త తరమడం మామూలే. ఒకదాని తోక వెనక ఒకటి గిర్రున తిరుగుతూ కొరుక్కుంటే మందపాటి తువ్వాలు మధ్యలో వేసి విడదీయండి, ఉత్త చెయ్యి పెట్టకండి. వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు.

## 8. ఎప్పుడు ఏం చూడాలి

రోజూ
- గడ్డి తగ్గిందా, పెల్లెట్లు వేయగానే పరుగున వచ్చిందా
- పెంటికల సైజు, సంఖ్య
- తోక కింద శుభ్రంగా ఉందా. తడిగా, మురికిగా ఉంటే ఈగలు గుడ్లు పెట్టి గంటల్లో పురుగులు పడతాయి. వేడి రోజుల్లో రెండుసార్లు చూడండి.

వారానికి
- వంటింటి త్రాసు మీద బరువు చూసి రాయండి. పైకి ఏమీ కనబడకపోయినా అంకె తగ్గుతుంటే పంటి జబ్బేమో చూపించాలి.
- దువ్వడం. బొచ్చు రాలే రోజుల్లో ప్రతిరోజూ.
- ముందు పళ్ళు, చెవులు, పాదాల అడుగు

4 నుంచి 6 వారాలకోసారి గోళ్ళు. ఒళ్ళో తువ్వాలు చుట్టి పట్టుకుని, గోరు వెనక టార్చ్ పెడితే లోపలి రక్తనాళం నీడలా కనబడుతుంది. దానికి ముందే కత్తిరించండి. రక్తం వస్తే మొక్కజొన్న పిండి అద్ది నొక్కి పట్టండి.

స్నానం చేయించకండి. ఒళ్ళంతా తడిస్తే చల్లబడిపోతుంది, భయానికి గుండె ఆగిపోయిన కుందేళ్ళూ ఉన్నాయి. మురికైన చోట మాత్రం తడిగుడ్డతో తుడిచి పొడిగా ఆరబెట్టండి.

టీకాలు ఏవి వేయించాలో మొదటిసారి వెళ్ళినప్పుడే డాక్టర్‌ను అడగండి.

## 9. తరచూ వచ్చే ఇబ్బందులు

గడ్డి ముట్టడం లేదు. ముందు పెల్లెట్లు తూచి చూడండి, ఎక్కువ పడుతున్నాయేమో. ఇంకో రకం గడ్డి తెండి. పుదీనా గడ్డిలో చుట్టి పెట్టండి. గడ్డి నోట్లో పెట్టుకుని వదిలేస్తున్నా, గడ్డం తడుస్తున్నా దవడ పళ్ళు చూపించాలి.

నాలుగు నెలలకు ఒక్కసారిగా కరవడం, ఎక్కడపడితే అక్కడ మూత్రం చిమ్మడం మొదలుపెట్టింది. వయసుకొచ్చింది. కొట్టొద్దు, అరవొద్దు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల్లో తగ్గుతుంది.

రాత్రంతా కంచె కొరుకుతోంది. చోటు చాలడం లేదు. కుందేళ్ళు తెల్లవారుజామున, సాయంత్రం హుషారుగా ఉంటాయి, ఆ వేళల్లో బయటికి వదలండి. తవ్వుకోవడానికి కాగితపు ముక్కలు నింపిన పెట్టె ఇవ్వండి.

పురుగుల మందు. కుక్కలకు, పిల్లులకు మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు కుందేళ్ళకు విషం. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి ప్రాణం పోతుంది. మందేదైనా కుందేళ్ళు తెలిసిన డాక్టర్ చెప్పాకే.

## 10. వెంటనే బయల్దేరవలసిన సందర్భాలు

- 10 నుంచి 12 గంటలుగా తినలేదు, లేదా పెంటికలు వేయలేదు
- నీళ్ళలా విరేచనాలు
- నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది
- తల ఒక పక్కకు వాలిపోయింది, వెనక కాళ్ళు ఈడుస్తోంది
- ఒంటి మీద పురుగులు
- ఎండకు చెవులు కాలిపోతూ, ఒళ్ళు వాలిపోయింది. దారిలో చెవులకు మామూలు నీళ్ళు తడుపుతూ తీసుకెళ్ళండి, చన్నీళ్ళలో ముంచకండి.

క్యారియర్‌లో ఎప్పుడూ ఒక తువ్వాలు, గుప్పెడు గడ్డి, డాక్టర్ నంబరు, బరువులు రాసిన కాగితం ఉంచండి. జత ఉంటే రెండోదాన్ని కూడా వెంట తీసుకెళ్ళండి. తోడు పక్కనుంటే జబ్బుపడ్డది తొందరగా తినడం మొదలుపెడుతుంది. పైగా ఒకటే వెళ్ళి ఆసుపత్రి వాసనతో తిరిగొస్తే రెండోది గుర్తుపట్టక మీద పడొచ్చు.